ఎవరూ అడగని పనులు

ప్రతి ఊరిలోను అటువంటి మనిషి ఒకడుంటాడు. ఆయనకు ఉద్యోగము ఒకటే. వ్యాపకాలు మాత్రము పది. ఉదయము ఎవరిదో అర్జీ వ్రాసిపెడతాడు. సాయంకాలము రాత్రి బడిలో దీపము వెలిగిస్తాడు. ఆదివారమునాడు పాడుపడిన గుడిలో రాతి మీది అక్షరాలను వేలితో తడుముతూ కూర్చుంటాడు. ఇంటివారు విసుగుకొంటారు. ఇరుగుపొరుగువారు నవ్వుకొంటారు. ఇంటి కూడు తిని ఊరి గొడ్లు కాచే మారాజు అని ఒక మాట అనేసి ఎవరి పనికి వారు పోతారు. ఆయన పోయిన తరువాత గాని ఊరికి వెలితి తెలియదు. అర్జీ వ్రాసేవారుండరు, బడిలో దీపముండదు, రాతి మీది అక్షరాలు మరల రాయిగానే మిగిలిపోతవి.

ఈ పూట మేము జ్ఞప్తికి తెచ్చుకోదలచిన పెద్దమనిషి అటువంటివారిలో అగ్రగణ్యులు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆ పేరు వినగానే అందరికీ వ్యావహారిక భాషోద్యమము గుర్తుకు వస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము. ఆనాడు పటానికి పూలమాల వేస్తాము, నాలుగు మాటలు చెప్పుకొంటాము. మంచిదే. కాని పటాలకు పిచ్చి ఉండదు, వ్యాపకాలుండవు. మేము చెప్పదలచినది పటములోని మహాపురుషుని గురించి కాదు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకొంటూ, ఎవరూ అడగని పనులన్నీ నెత్తిన వేసుకొన్న ఒక బడిపంతులును గురించి.

ముందుగా ఆయన కొలువు కథ చెప్పి ముగించుతాము, అది చిన్నది గనుక. పంతులుగారు 1863లో శ్రీకాకుళానికి చేరువన ఉన్న పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి చిరు ఉద్యోగి. విషజ్వరముతో 1875లో గతించినారు. పన్నెండేండ్ల పిల్లవాడు బంధువుల ఆదరణతో విజయనగరములో మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నాడు. గురజాడ అప్పారావుగారు అక్కడి సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను అయినది. ఆ మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారము పిల్లలకు చరిత్ర చెప్పే పని దొరికినది. జీతము ముప్పది రూపాయలు. అక్కడే పనిచేస్తూ, ప్రైవేటుగా చదివి, 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలిచ్చినారు. ముప్పది ఏండ్లు పాఠాలు చెప్పి 1911లో విరమించుకొన్నారు. జీతము పుచ్చుకొని చేసిన పని ఇంతే. పిల్లలకు చక్కగానే చెప్పి ఉంటారు. కాని ఇంతమాత్రమే అయితే ఆయనను గురించి మనము నేడు మాటలాడుకొనేవారము కాము.

ఇక జీతము లేని పనుల కథ.

పర్లాకిమిడి నాడు చెన్నపట్టణము రాజధానికి చెందిన గంజాం జిల్లాలో ఒక జమీందారీ పట్టణము. ఒక ప్రక్క తూర్పు కనుమలు, చెంతన మహేంద్రతనయ. కొంత దూరాన వంశధార ఒడ్డున శ్రీముఖలింగ క్షేత్రమున్నది. అక్కడ మధుకేశ్వరుని ఆలయము, భీమేశ్వరాలయము, సోమేశ్వరాలయము అని మూడు పురాతన దేవాలయాలు. దర్శనానికి వెళ్ళినవారు కొబ్బరికాయ కొట్టి, ప్రసాదము కళ్ళకద్దుకొని తిరిగి వచ్చేవారు. చరిత్ర పంతులుగారు మాత్రము స్తంభాల దగ్గర ఆగిపోయినారు. ఆ రాళ్ళ మీద పాత లిపిలో శాసనాలున్నవి. ఎక్కువ భాగము సంస్కృతము, కొన్ని తెలుగు. చదివి చెప్పగల గురువు దగ్గరలో లేడు. మొదటి ఫారము పిల్లలకు పాఠము చెప్పుటకు ప్రాచీన లిపులతో పని లేదు. అయినా ఆయన పుస్తకాలు తెప్పించుకొని, ఒక్కొక్క అక్షరము పోల్చుకొంటూ లిపిశాస్త్రము స్వయముగా నేర్చుకొన్నారు.

ఆ ఆదివారపు వ్యాపకము ఎంత దూరము పోయినదో చూడండి. గాంగ రాజుల గురించి ఆయన వ్రాసిన వ్యాసాలు ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చయినవి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ఆయన పరిష్కరించగా ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ప్రచురించినది. గాంగుల రాజధానియైన కళింగనగరము ఏదన్న ప్రశ్న ఆనాటి పండితులలో వాదానికి వస్తే, అది ఈ ముఖలింగమే అని ఆధారాలతో వాదించినది ఈ బడిపంతులే.

రాళ్ళ మాట అట్లా ఉంచండి. రాయి కదలదు, తీరిక దొరికిన నాడు వెళ్ళి చదువుకోవచ్చును. ఆయన రెండవ వ్యాపకము మాటలతో. మాట నోటిలో పుట్టి గాలిలో కలిసిపోతుంది. ఎవరైనా దగ్గర కూర్చుని చెవియొగ్గితేనే అది దొరుకుతుంది.

పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసించేవారు. నేటికీ శ్రీకాకుళపు మన్యములోను, ఆవలి ఒడిశా జిల్లాలలోను ఉన్నారు. వారి మాట తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. ముండా భాషల కుటుంబమునకు చెందినది. నాటికి దానికి లిపి లేదు, పుస్తకము లేదు. కొండ దిగి వచ్చిన సవర ఏమి చెప్పుకొన్నా పట్టణములో అర్థము చేసుకొనేవారు అరుదు. తెలియని వారి మాట అంటే అందరికీ ఒక వింత. ఆ వింత చూచి నవ్వి ఊరుకొనుట లోకరీతి. పంతులుగారు ఊరుకొనలేదు. వీరి భాష నేర్వవలెను, వీరికి వీరి భాషలోనే చదువు చెప్పవలెను అన్న తలపు ఆయనను పట్టుకొన్నది. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఒకనిని తన ఇంటనే ఉంచుకొని, ఆయన దగ్గర శిష్యరికము చేసినారు. బడిలో గురువు, ఇంటిలో శిష్యుడు. శ్రోత్రియ కుటుంబాల వీధులలో ఇది ఎటువంటి చోద్యమో ఊహించుకోవచ్చును.

వ్రాతలేని భాషను నేర్చుకొనుట ఎట్లా ఉంటుందో మేము ఒకటి రెండు ఉదాహరణలతో చెప్పుతాము. సవరలో కంఠమును ఒక్క క్షణము బిగబట్టి గాలిని ఆపే ధ్వని ఒకటున్నది. మన అక్షరమాలలో దానికి అక్షరము లేదు. విననివానికి అది ఉన్నదనే తెలియదు. క్రియాపదములోనే కర్మను ఇముడ్చుకొని, మనము రెండు మూడు మాటలలో చెప్పేదానిని ఒకే మాటలో చెప్పగల నేర్పు ఆ భాషకున్నది. లెక్కల సంగతి మరింత చిత్రము. మనకు పది వరకు ఒక దశ. సవరలకు పన్నెండు వరకు విడివిడి మాటలు ఉన్నవి. పదమూడు అనవలెనంటే ‘పన్నెండు-ఒకటి’ అంటారు. తరువాత ఇరువదుల లెక్క. ముప్పది మూడు అన్నది వారి నోట ‘ఇరువది-పన్నెండు-ఒకటి’ అవుతుంది.

ఇప్పుడు ఒక సవర పిల్లవానిని తెలుగు బడిలో కూర్చోబెట్టినామనుకోండి. పదమూడు ఎంత అని పంతులు అడుగుతాడు. వాడు తన తల్లి నేర్పిన లెక్కను మనసులో తలచుకొని తడబడతాడు. వానికి లెక్క రాదని పంతులు తేల్చివేస్తాడు. లెక్క వానికి వచ్చును. వాని లెక్క పంతులుకే రాదు. ఈ చిన్న సత్యము గ్రహించుటకు ఒక మనిషి ఏండ్ల తరబడి చెవియొగ్గి కూర్చోవలసి వచ్చినది.

పంతులుగారు గ్రహించి ఊరుకోలేదు. సవర భాషలో చిన్న పుస్తకాలు వ్రాసినారు. సొంత సొమ్ముతో బడులు పెట్టించినారు. వాటిలో పాఠాలు చెప్పేవారికి తానే జీతాలిచ్చినారు. ముప్పది రూపాయలతో కొలువు ఆరంభించిన మనిషి, మరొకరికి జీతమిచ్చి, ఎవరో కొండవారి పిల్లలకు చదువు చెప్పించుట ఏ లెక్క ప్రకారము సమంజసము? ఇల్లాలు ఇంటి ఖర్చుల పద్దు ముందు పెట్టుకొని కూర్చున్న వేళ ఈ వ్యాపకము ఎట్లా కనిపించి ఉంటుంది? శ్రోతలలోని గృహిణులు ఆ సంగతి మాకంటె బాగుగా ఎరుగుదురు. పెద్దలను స్మరించేటప్పుడు మనము వారి త్యాగమును పొగడుతాము గాని, ఆ త్యాగములో ఇంటివారి వాటా ఎంతో చెప్పము. ఆ వాటాకు కూడా ఒక నమస్కారము చేయవలెను.

ఇక ఈ కథలో మా మనసును అన్నిటికంటె ఎక్కువగా కలచిన ఘట్టము. సవరల భాషను సవరల నోట వినవలెనంటే కొండలకు పోవలెను. పంతులుగారు పోయినారు. ఆ అడవులు మన్యపు జ్వరాలకు పెట్టినది పేరు. తండ్రిని బలిగొన్న విషజ్వరము వంటిదే కుమారుని కూడా పట్టుకొన్నది. దానికి నాడు తెలిసిన మందు క్వినైను ఒక్కటే. క్వినైను జ్వరమును దించుతుంది. మోతాదు మించితే చెవులలో హోరు పుట్టి వినికిడిని తీసికొనిపోతుంది. పంతులుగారి ప్రాణము దక్కినది, చెవి దక్కలేదు. నాటి నుండి జీవితాంతము చెవుడు ఆయనను వేధించినది.

ఒక్క క్షణము ఆలోచించండి. చిత్రకారునికి కన్ను ఎట్లాగో, భాష వ్రాసుకొనేవానికి చెవి అట్లాగు. ఇతరులెవరూ వినిపించుకోని వారి మాట వినబోయి, ఆ వినికిడినే పోగొట్టుకొన్నారు. మరొకరైతే ఇది దైవసంకల్పమనుకొని, కాగితాలు కట్టగట్టి అటకమీద పడవేసి ఉండేవారు. ఎవరు తప్పుపట్టగలరు? ఎవరూ అడగని పని మానినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరము లేదు గదా. కాని పంతులుగారు మానలేదు. ఆ కాగితాలు పెరుగుతూనే పోయినవి. 1931లో సవర భాషా వ్యాకరణమును చెన్నపట్టణపు ప్రభుత్వము అచ్చువేసినది. నాటికి ఆయనకు అరువది ఎనిమిదవ ఏడు. సవర-ఇంగ్లీషు కోశము 1938లో వెలువడినది. డెబ్బది అయిదు నిండవచ్చినవి. ఈ కృషిలో కుమారులు సీతాపతిగారు తోడుగా నిలిచినారు. ఆలస్యముగానైనా ప్రభుత్వము మెచ్చి కైజర్-ఇ-హింద్ పతకము కూడా ఇచ్చినది. ముండా భాషలలో ఒకదానిని శాస్త్రీయముగా పరిశీలించిన తొలివారిలో ఆయన పేరు నేటికీ చెప్పుకొంటున్నారు.

ఆయన మూడవ వ్యాపకము మీకందరికీ తెలిసినదే కనుక మేము దాని వెంట ఎక్కువ దూరము పోము. కాని అది ఎక్కడినుండి పుట్టినదో మాత్రము గమనించవలెను. 1907లో యేట్సు అనే ఇంగ్లీషు దొర ఈ ప్రాంతపు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చినారు. బడిలో తెలుగు చెప్పే తీరు ఆయనకు వింతగా తోచినది. జనము మాటలాడే తెలుగు ఒకటి, పిల్లలకు నేర్పే తెలుగు వేరొకటి. ఇది ఏమని విచారించగా, విశాఖపట్నములోని శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గురజాడవారికి, గిడుగువారికి చేరినది. గిడుగువారికి ఆ ప్రశ్న కొత్తది కాదు. సవర పిల్లవానికి సవరలో చదువు చెప్పవలెనని అంతకు ముందే తేల్చుకొన్నవాడు, తెలుగు పిల్లవానికి తెలుగులో చదువు ఎందుకు చెప్పరాదని తనను తాను అడుగుకొనకుండా ఎట్లా ఉంటాడు? తెలుగువారి ఉద్యమము సవరవారి కొండలలో మొలకెత్తినది అంటే అతిశయోక్తి కాదని మా అభిప్రాయము.

ఆ వాదములో ఆయన పట్టు సామాన్యమైనది కాదు. కావ్యాలనుండి, వ్యాకరణాలనుండి, ఎదుటి పండితుల సొంత రచనలనుండి ఉదాహరణలు కుప్పలుగా ప్రోగుచేసి సభలకు వెళ్ళేవారు. గ్రాంథికము వ్రాయవలెననేవారే దానిని తప్పులు లేకుండా వ్రాయలేకున్నారని వారి వాక్యాలనే చూపి నిరూపించేవారు. 1919లో రాజమహేంద్రవరములో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు కందుకూరి వీరేశలింగముగారు అధ్యక్షులు, ఈయన కార్యదర్శి. ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపినారు; అది ఏడాదికి మించి సాగలేదు. తరువాత ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’ అని పుస్తకము వ్రాసినారు. పేరులోనే పెట్టవలసిన వాత పెట్టినారు. ఆయన నోటికి, కలమునకు మొగమాటము తెలియదు. ఆ దెబ్బలు తిన్నవారిలో నిజమైన విద్వాంసులు కూడా ఉన్నారు. వారి మనసు నొచ్చిన మాట కూడా నిజమే. పట్టుదల ఉన్నచోట మెత్తదనము ఎప్పుడూ ఉండదు. స్మరణ పేరిట ఆ సంగతి దాచుట ఆయనకు మర్యాద కాదు.

మరొక మాట మా మీద మేమే చెప్పుకోవలెను. ఈ ప్రసంగపు నడక పంతులుగారి చెవిని పడి ఉంటే, మీ ఇంట్లో ఇట్లాగే మాటలాడుకొంటారా అని అడిగి ఉండేవారేమో. అలవాటు బలమైనది, ఆయన కోపము న్యాయమైనది. రెండూ ఒప్పుకొని ముందుకు సాగుతాము.

ఆయన చివరి దినాలు మరి కొంత కష్టమైనవి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణము దానిలో చేరినది. అది జరుగరాదని పంతులుగారు శక్తికొలది వాదించినారు, ఫలించలేదు. డెబ్బది మూడవ ఏట, అర్ధ శతాబ్దికి పైగా బ్రతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరినారు. తన బడి, తన కొండలు, తన శాసనాలు అటు చుట్టుప్రక్కలనే మిగిలినవి. రాజకీయముగా ఆ నిర్ణయము మంచిచెడ్డలు చరిత్రకారులు చెప్పవలెను. మాకు కనిపించేది, సామాను మూటకట్టుకొని, వినిపించని చెవులతో క్రొత్త ఊరిలో దిగిన ఒక వృద్ధుడు.

అయినను వ్యాపకము వదలలేదు. 1940 జనవరిలో చెన్నపట్టణములో పత్రికా సంపాదకులను ఉద్దేశించి ఒక విన్నపము చేసినారు. ప్రజలకు తెలిసిన భాషలో ప్రజలకు వ్రాయండని దాని సారాంశము. ఆ తరువాత వారము రోజులకే, జనవరి 22న, కన్నుమూసినారు. నాటికి బడిపుస్తకాలలో ఆయన కోరిన భాష రాలేదు. తాను గెలిచినానని తెలుసుకొని పోయినవారు కారు.

గెలుపు తరువాత వచ్చినది. నేడు మన పత్రికలు, మన పుస్తకాలు, మన రేడియోలో వార్తలు ఏ భాషలో నడుస్తున్నవో మీకు తెలుసును. ఇటీవలి దశాబ్దాలలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ప్రభుత్వాలు గిరిజన బాలలకు మాతృభాషలో తొలి చదువు చెప్పే పథకాలలో సవరకు కూడా చోటు ఇచ్చినవి. ఒక బడిపంతులు తన జేబులోని సొమ్ముతో చేసిన పని నూరేండ్లు గడిచిన తరువాత ప్రభుత్వాల పని అయినది.

మేము ఈ కథ అంతా తలచుకొన్నప్పుడు ఒక్క సంగతి తోచినది. జీతము ఇచ్చేవారు మనలను ఒక పని అడుగుతారు. దానిని చక్కగా చేయుట ధర్మము, సందేహము లేదు. కాని రాతి మీది అక్షరము తనను చదువుమని అడగదు. కొండ మీది పిల్లవాడు తనకు పుస్తకము వ్రాయుమని అడగడు. అటువంటిది ఒకటి ఉంటుందనే వానికి తెలియదు. అడగలేనివారి పని చేయుటకు, అడగకుండానే వినగలిగినవాడు ఒకడు కావలెను. లోకము వానిని పిచ్చివాడంటుంది. వానికి ఆ మాట కూడా వినిపించదు. లేదా వినిపించనట్లు ఊరుకొంటాడు.

మీ వీధిలో కూడా ఒకరు ఉండే ఉంటారు. చేతిలో ఏవో కాగితాలు, చంకలో ఏదో పాత పుస్తకము, ఏ పనికీ సరిగా జీతము రాని మనిషి. కనిపించినప్పుడు తప్పుకొని పోవుట మనకందరికీ అలవాటే. ఈ మారు అట్లా చేయకండి. ఈ రేడియో కట్టివేసిన తరువాత ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, ఒక లోటా మజ్జిగ ఇచ్చి, చెప్పేది కాసేపు వినండి. మనకింకా చెవులున్నవి గదా.